బాబాయ్, అది గ్రాఫిక్స్ కాదు

గ్రీన్స్‌బరో, నార్త్ కరోలినా
3 నవంబరు 2022

బాబాయ్‌కి,

నమస్కారాలు. ఇక్కడ మేమందరం బాగున్నాం. పిన్నికి మోకాలి నొప్పి కాస్త తగ్గిందని అమ్మ చెప్పింది, మనసు కుదుటపడింది. నిన్న చెల్లి ఫోన్ చేసింది. గోడకు రాసుకుంటూ దూసుకుపోయే ఆ కారు వీడియో నీకు చూపించిందట. నువ్వు చూసి, "ఇదంతా గ్రాఫిక్స్ అమ్మా, ఏ బండీ మలుపులో అలా పోదు" అని ఫోన్ తిరిగి ఇచ్చేశావట. బాబాయ్, అది గ్రాఫిక్స్ కాదు. మొన్న ఆదివారం అది జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ కారు నా కళ్లముందు నుంచే పోయింది. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పే సంగతి కాదని కూర్చుని రాస్తున్నాను. నీ కంటే బాగా అర్థమయ్యేవాళ్లు మన ఇంట్లో ఎవరూ లేరు.

ఊరి పేరు మార్టిన్స్‌విల్. వర్జీనియా రాష్ట్రంలో ఉంది, మా ఇంటి నుంచి ఉత్తరంగా కారులో గంట దారి. ఒకప్పుడు ఫర్నిచరుకీ బట్టల మిల్లులకీ పేరున్న ప్రాంతం. మిల్లులు చాలావరకు మూతపడ్డాయి, రేసు ట్రాక్ మాత్రం 1947 నుంచి నడుస్తూనే ఉంది. క్లే ఎర్ల్స్ అనే ఆయన మట్టి ట్రాక్‌గా మొదలుపెడితే, 1955లో తారు వేశారు. ఇక్కడ స్టాక్ కార్ల రేసులు నడిపే పెద్ద సంస్థ నాస్కార్. 1949లో జరిగిన దాని ప్రధాన సిరీస్ మొదటి సీజను నుంచి ఇప్పటిదాకా క్యాలెండర్లో నిలిచిన ట్రాక్ ఇదొక్కటే.

చుట్టుకొలత 0.526 మైళ్లు, అంటే దాదాపు 850 మీటర్లు. మైలు లోపుంటే షార్ట్ ట్రాక్ అంటారు. దీన్ని ఇక్కడివాళ్లు పేపర్ క్లిప్పు అని పిలుస్తారు. రెండు వైపులా 800 అడుగుల చొప్పున తిన్నటి దారి, ఆ చివరా ఈ చివరా చటుక్కున వెనక్కి తిరిగే ఇరుకు మలుపులు. తిన్నగా ఉన్నచోట తారు, మలుపుల్లో కాంక్రీటు. మలుపు వాలు 12 డిగ్రీలే, కాబట్టి కారుకు దాని నుంచి పెద్ద సాయం అందదు. ప్రతి మలుపుకీ బ్రేకు తొక్కాల్సిందే, మళ్లీ లాగించాల్సిందే. ఇలా 500 చుట్లు. బ్రేకు డిస్కులు ఎర్రగా కాలడం సాయంత్రం వెలుగు తగ్గాక చక్రాల సందుల్లోంచి కంటికే కనిపిస్తుంది.

బండి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే నువ్వు ముందుకు చదవవు. స్టాక్ కారంటే మొదట్లో షోరూములో కొన్న కారునే రేసుకు దించేవాళ్లు. ఇప్పుడు అంతా రేసు కోసమే కట్టిన బండి. ఉక్కు చట్రం, 5.86 లీటర్ల వి8 ఇంజను, ఈ ట్రాక్‌కి 670 హార్స్‌పవర్, బరువు సుమారు ఒకటిన్నర టన్ను. ఈ ఏడాదే మోడల్ మొత్తం మార్చేశారు. నిరుటి దాకా బాడీ రేకుతో చేసేవాళ్లు, ఇప్పుడు కాంపోజిట్ ప్యానెళ్లు. చక్రానికి ఐదు నట్లు పోయి మధ్యలో ఒకటే పెద్ద నట్టు. నాలుగు గేర్ల పాత గేరుబాక్సు స్థానంలో ఐదు గేర్ల సీక్వెన్షియల్ బాక్సు, అదీ వెనకాల డిఫరెన్షియల్‌తో కలిపి. లివరు వెనక్కి లాగితే గేరు పెరుగుతుంది, ముందుకు తోస్తే తగ్గుతుంది. ఈ రెండు మార్పులూ గుర్తుపెట్టుకో, బాడీ రేకు కాకపోవడం, ఐదో గేరు ఉండడం.

నన్ను తీసుకెళ్లింది మా ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన. పుట్టి పెరిగింది ఆ చుట్టుపక్కలే, తాతా తండ్రీ మిల్లులో పనిచేసినవాళ్లు. ఆయన డెన్నీ హామ్లిన్ అభిమాని. హామ్లిన్ వర్జీనియావాడు, 11వ నంబరు కారు. ఇన్నేళ్లలో ఎన్నో రేసులు గెలిచాడు గానీ ఛాంపియన్‌షిప్ మాత్రం ఒక్కసారీ దక్కలేదు. ఈసారైనా వస్తుందని పెద్దాయన ఆశ. చెవులకు పెట్టుకునే హెడ్‌సెట్లు రెండు తెచ్చాడు. వాటిలో డ్రైవర్లు తమ టీముతో రేడియోలో మాట్లాడుకునే మాటలు వినొచ్చు. మీ కోడలు కట్టిచ్చిన పులిహోర ఆయనకీ పెట్టాను, కారంగా ఉందంటూనే ఇష్టంగా తిన్నాడు.

మా సీట్లు నాలుగో మలుపు దాటి ముగింపు గీత వైపు తిరిగే చోట, బయటి గోడకు బాగా దగ్గర. కార్లు పోయినప్పుడల్లా టైర్లనుంచి ఊడిన రబ్బరు ముక్కలు పైకి లేచి మా మీద పడేవి. ఒకటి నా చేతిమీద పడితే తీసి వేళ్లతో నలిపి చూశాను. ఇంకా వెచ్చగా ఉంది, జిగురుగా అంటుకుంది, రాత్రి ఇంటికొచ్చి సబ్బుతో తోమినా ఆ నలుపు పూర్తిగా పోలేదు. ఆ వాసన మాత్రం నాకు కొత్త కాదు. ఎండాకాలం సెలవుల్లో ఆటోనగర్లో నీ షెడ్డుకు వచ్చి కూర్చున్నప్పుడు పక్కన టైర్ల కొట్టు నుంచి వచ్చిన వాసనే.

ఇక ఆ రోజు లెక్క. ఛాంపియన్‌షిప్ చివరి రేసు ఈ ఆదివారం ఫీనిక్స్‌లో ఉంది. టైటిల్ కోసం పోటీపడే అర్హత నలుగురికే. మార్టిన్స్‌విల్ రేసయ్యేసరికి ఆ నలుగురూ తేలిపోవాలి. జోయీ లొగానో ముందే లాస్ వేగస్‌లో గెలిచి చోటు ఖాయం చేసుకున్నాడు. మిగతావాళ్లలో ఎవరైనా ఈ రేసు గెలిస్తే నేరుగా లోపలికి, లేకపోతే పాయింట్ల లెక్క. క్రిస్టఫర్ బెల్‌కి పాయింట్లు చాలవు, గెలిస్తేనే చోటు. చివరి చుట్లలో అతను ముందున్న చేజ్ బ్రిస్కోని దాటి గెలిచాడు కూడా. బ్రిస్కో పాత టైర్లతోనే ఉండిపోయాడు, బెల్‌వి కొత్త టైర్లు. నిజానికి ఆ గెలుపే ఆ రోజు పెద్ద వార్త కావాలి. ఆ రోజు అందరికంటే ఎక్కువ చుట్లు ముందు నడిచింది హామ్లిన్, ఆ తర్వాత బెల్. బెల్ గెలవడంతో ఒక చోటు పోయింది. చేజ్ ఎలియట్ పాయింట్లతో లోపలికొచ్చాడు. మిగిలింది ఒకటే చోటు. దానికి ఇద్దరు, హామ్లిన్, రాస్ చస్టేన్.

ఈ చస్టేన్ ఎవరో తెలిస్తే నీకు ముచ్చటేస్తుంది. ఫ్లోరిడాలో ఆల్వా అనే చిన్న ఊరు, పుచ్చకాయలు పండించే రైతు కుటుంబం. ఆ వ్యవసాయంలో తనది ఎనిమిదో తరం. రేసు గెలిస్తే కారు పైకెక్కి పుచ్చకాయను నేలకేసి కొడతాడు. ఎన్నో ఏళ్లు చిన్నాచితకా టీముల్లో పాత బండ్లు నడిపి, ట్రాక్‌హౌస్ అనే కొత్త టీములో ఈ ఏడాదే మొదటిసారి పెద్ద రేసులు గెలిచాడు. అతనికీ హామ్లిన్‌కీ సీజనంతా పడలేదు. వేసవిలో సెయింట్ లూయిస్ దగ్గరి ట్రాక్‌లో ఇతను హామ్లిన్‌ని గుద్దాడు. జులైలో పొకొనోలో హామ్లిన్ ఇతన్ని గోడకేసి నెట్టాడు. మా పెద్దాయన చస్టేన్ పేరెత్తితేనే మొహం చిట్లిస్తాడు.

చివరి చుట్టు మొదలైనప్పుడు చస్టేన్ పదో స్థానంలో ఉన్నాడు. హామ్లిన్ ఐదులో. ఇంకో రెండు కార్లను దాటితేనే చస్టేన్ లోపలికి, లేకపోతే ఇంటికి. అంతదాకా వచ్చాక మామూలు పద్ధతిలో రెండు కార్లను దాటడం జరిగే పని కాదు. ముందు కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి అంటుకుని ఉన్నాయి. రెండో మలుపు దాటి వెనక దారిలోకి వస్తూ ఇంకా స్థానాలు కావాలా అని రేడియోలో అడిగాడు. కావాలన్నారు. తర్వాత అతనే మీడియాకు చెప్పిన ప్రకారం, ఐదో గేరు వేశాడు, యాక్సిలరేటరు అడుగంటా తొక్కాడు, గోడకు ఆనాక స్టీరింగు దాదాపు వదిలేశాడు. నాలుగో మలుపు దగ్గర గోడలో బళ్లు లోపలికి రావడానికి ఒక గేటుంటుంది. దానికి తగులుకోకూడదని మాత్రం కోరుకున్నాడట.

మేం చూసింది ఇదీ. అందరి కళ్లూ గీత దాటుతున్న బెల్ మీద ఉన్నాయి. మూడో మలుపు వైపు నుంచి లోహం లోహాన్ని గీరుతున్నట్టు ఒక అరుపు వినపడింది. హెడ్‌సెట్లోంచి కూడా వినపడింది. మా పెద్దాయన లేచి నిలబడి "థ్రాటిల్ ఇరుక్కుపోయింది!" అని కేకేశాడు. అక్కడున్న చాలామంది అదే అనుకున్నారు. ఎవరైనా అదే అనుకుంటారు, బ్రేకు లేకుండా ఆ మలుపులోకి రావడమంటే గుద్దుకోవడానికే. కానీ కారు గుద్దుకుని ఆగలేదు. కుడివైపంతా గోడకు ఆనించుకుని, మలుపు ఎటు తిరిగితే అటు తిరుగుతూ, మా కిందనుంచి పోయింది. పక్కన నాలుగు కార్లు బ్రేకు మీద నిదానంగా మలుపు తిరుగుతుంటే, వాటిని దాటి, గీతకు ముందు చివరి కొద్ది గజాల్లో హామ్లిన్‌ని కూడా దాటేసింది. ఐదు కార్లు. ఐదో స్థానం. ఊపిరి తీసుకునే లోపల అయిపోయింది. ఒక క్షణం స్టేడియంలో ఎవరూ ఏమీ అనలేదు, తర్వాత లేచిన హోరు నేను ఏ మ్యాచ్‌లోనూ వినలేదు.

ఆ చుట్టుకు పట్టిన కాలం 18.845 సెకన్లు. మిగతావాళ్లు అప్పుడు చుట్టుకు 20 సెకన్లకు పైగా తీసుకుంటున్నారు. 2014లో లొగానో క్వాలిఫయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగులో, కొత్త టైర్లతో నమోదు చేసిన రికార్డు 18.898. దానికంటే ఇది తక్కువ. అదీ 499 చుట్లు తిరిగి అలసిన బండితో. రేసయ్యాక నాలుగో స్థానంలో వచ్చిన బ్రాడ్ కెసెలౌస్కీ కారు తూకంలో తక్కువ వచ్చిందని తీసేశారు, అందుకని రికార్డుల్లో చస్టేన్‌ది నాలుగో స్థానం.

నీ మొదటి ప్రశ్న నాకు తెలుసు, మరి మలుపెలా తిరిగింది? ఇంజను లాగడం వల్ల కాదు బాబాయ్, నువ్వన్నమాట నిజమే, ఏ ఇంజనూ అలా తిప్పలేదు. మలుపులో కారు బయటికి పోకుండా పట్టి ఉంచేది టైరు ఒక్కటే. టైరుకు ఎంత పట్టుంటే అంత స్పీడే కుదురుతుంది. స్పీడు రెండింతలైతే మలుపు తిప్పడానికి కావలసిన బలం నాలుగింతలు. అందుకే అందరూ ఆ మలుపులో స్పీడు సగం దాకా తగ్గిస్తారు. ఇతను తగ్గించలేదు. టైరు ఇవ్వలేని బలాన్ని గోడ ఇచ్చింది. మలుపు పొడవునా గోడే కారును లోపలికి నెడుతూ తిప్పింది. రాపిడి వల్ల కొంత స్పీడు పోయింది, కానీ బ్రేకు తొక్కినవాళ్లు పోగొట్టుకున్నంత పోలేదు. ఆ లెక్క అంతే.

గోడ కూడా ఉత్త కాంక్రీటు కాదు. మలుపుల్లో కాంక్రీటు ముందు చదరపు ఉక్కు గొట్టాలు వరసగా పేర్చి, వెనక ఫోమ్ దిమ్మెలు పెడతారు. మొహం నున్నగా ఉంటుంది, దెబ్బ తగిలితే కొంచెం లోపలికి పోతుంది. ఇక బండి. రేకు బాడీ అయ్యుంటే మొదటి రాపిడికే నలిగి లోపలికి పోయి టైరుకు తగులుకునేది. టింకరింగ్ పనిలో జీవితమంతా గడిపినవాడివి, నలిగిన ఫెండరు టైరును కోసేయడం నీకు ఎన్నిసార్లు కనిపించి ఉంటుందో. ఈ కాంపోజిట్ ప్యానెల్ వంగి మళ్లీ తన్నుకుని బయటికొస్తుంది. రేసయ్యాక కారు మా ముందు నుంచి వెళ్లినప్పుడు చూశాను, కుడివైపు రంగూ రాతలూ గీరుకుపోయి ఉన్నాయి, బాడీ మాత్రం ఆకారంలోనే ఉంది. ఇదే పని నిరుడు డార్లింగ్టన్‌లో కైల్ లార్సన్ చివరి మలుపుల్లో చేయబోయాడు. గోడకు కొట్టుకుని వచ్చినా ముందున్న కారును దాటలేకపోయాడు. ఆ ముందున్న కారు కూడా హామ్లిన్‌దే. అది పెద్ద ట్రాక్, పాత మోడల్ బండి.

ఇది పిచ్చి సాహసం అని ఇక్కడ కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. కోపంలో ఎవరినో గుద్ది గెలిచింది కాదు. ఎవరి కారునూ తాకలేదు. షార్ట్ ట్రాక్‌లో చివరి చుట్టులో సాధారణంగా జరిగేదేమిటంటే, ముందువాడి బంపరును తట్టి పక్కకు నెట్టి పోవడం. చస్టేన్ తన బండిని మాత్రమే, తన ఒంటిని మాత్రమే పణం పెట్టాడు. చిన్నప్పుడు తమ్ముడితో గేమ్‌క్యూబ్ వీడియోగేమ్‌లో రేసు ఆడుతూ గోడ వెంబడి పోయేవాడట, అది అప్పుడు గుర్తొచ్చిందట. గుర్తు రావడం వేరు, నిజం బండిలో కాలు తీయకుండా ఉండడం వేరు. ఫార్ములా వన్‌లో రెండుసార్లు ఛాంపియనైన అలోన్సో కూడా మెచ్చుకున్నాడు.

అయినా, బాబాయ్, ఇది మళ్లీ జరగకూడదు. ఇంతకాలం రూల్ అవసరం రాలేదు, ఇప్పుడు తేవాలని లొగానో లాంటి డ్రైవర్లే అడుగుతున్నారు. లార్సన్ అయితే ఇది రేసింగ్‌కి మర్యాద కాదన్నాడు. నా భయం వేరే. ఆ గోడకు ఇవతల మేం కూర్చుని ఉన్నాం, పిల్లలున్నారు. చక్రం ఊడి ఎగిరి ఉంటే? ఆ గేటుకు తగులుకుని ఉంటే? ఇంకో భయం దీనికంటే పెద్దది. మాకు దగ్గర్లో విన్‌స్టన్-సేలంలో బౌమన్ గ్రే స్టేడియం ఉంది. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావుమైలు ట్రాక్. 1949 నుంచి ఎండాకాలం శనివారం రాత్రుళ్లు అక్కడ రేసులు. నడిపేవాళ్లు చాలామంది వారమంతా గ్యారేజీల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసి, రాత్రుళ్లు తమ బండిని తామే కట్టుకునేవాళ్లు. వాళ్ల బండ్లు ఇంత గట్టివి కావు, వెనక ఇంత డబ్బూ లేదు. టీవీలో చూసిన ఒక ఇరవై ఏళ్ల కుర్రాడు వచ్చే సీజనులో అక్కడ ఇదే చేయబోతే ఆ గోడ వాడిని ఇలా దాటించదు. ఒక్కసారికి, మొదటిసారికి, చస్టేన్‌కి నా రెండు చేతులూ ఎత్తి దండం. రెండోవాడికి మాత్రం శిక్ష వేయాలి.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే మొదలుపెట్టాడు. 2007 ఏప్రిల్ 1న ఇదే ట్రాక్‌లో జిమ్మీ జాన్సన్, జెఫ్ గోర్డన్ చివరి చుట్ల పోరు. ఇద్దరూ ఒకే యజమాని దగ్గర పనిచేసేవాళ్లు. గోర్డన్ బండి వేగంగా ఉంది. చుట్టు చుట్టుకీ జాన్సన్ బండి వెనక బంపరును గోర్డన్ తట్టాడు, తోశాడు. కాస్త గట్టిగా తోస్తే తిరిగి పడిపోయేవాడు, దారి ఖాళీ అయ్యేది. ఆ పని మాత్రం చేయలేదు. 0.065 సెకన్ల తేడాతో జాన్సన్ గెలిచాడు. ఆయన అది చెబుతూ, "ఓడిపోయినా గోర్డన్‌ని ఆ రోజునుంచి ఎక్కువ ఇష్టపడ్డాను" అన్నాడు. హామ్లిన్ గురించి నేనూ అదే చెప్పాలనుకున్నాను. అతను ఏ తప్పూ చేయలేదు. రోజంతా ముందు నడిచాడు, చివర్లో తన స్థానం కాపాడుకున్నాడు, అలాంటి దాడి ఒకటుంటుందని ఎవరూ ఊహించలేదు. రేసు తర్వాత అతనే దాన్ని మంచి ఎత్తని ఒప్పుకున్నాడు. పెద్దాయనకు అది చాలా గర్వంగా ఉంది. బెల్‌కి వచ్చిన బహుమతి ఏమిటో తెలుసా? మనిషి ఎత్తుండే లోలకం గడియారం. 1964 నుంచి ఇక్కడ గెలిచినవాళ్లకు కప్పు బదులు అదే ఇస్తారు. డ్రైవర్లు అన్ని కప్పులకంటే దాన్నే ఎక్కువ కోరుకుంటారట.

ఈ ఆదివారం ఫీనిక్స్‌లో చివరి రేసు. మీకు అర్ధరాత్రి దాటుతుంది, మేలుకోవద్దు, పిన్ని నన్ను తిడుతుంది. నేను చూసి సోమవారం ఫోన్ చేస్తాను. అక్కడ గోడ పట్టుకుంటే లాభం లేదు, ట్రాక్ పెద్దది. నలుగురిలో ముందు వచ్చినవాడిదే టైటిల్. నేను చస్టేన్ వైపు. పెద్దాయన లొగానో గెలుస్తాడంటున్నాడు.

వీసా కాగితాల సంగతి తమ్ముడు చూస్తున్నాడని విన్నాను. వస్తే ఎండల్లో రా, చలికాలం వద్దు. బౌమన్ గ్రేలో రేసుకు ముందు బండ్లు బాగుచేసుకునే చోటుకు వెళ్లి వాళ్లతో మాట్లాడొచ్చని పెద్దాయన చెప్పాడు. భాష రాకపోయినా నీకు ఇబ్బంది ఉండదు, బానెట్ ఎత్తి ఉంటే చాలు. షెడ్డులో కుర్రాళ్లందరినీ అడిగానని చెప్పు. కొత్త వెల్డింగ్ కుర్రాడు కుదురుకున్నాడా? కంటికి అద్దం పెట్టుకోకుండా పనిచేస్తున్నాడని చెల్లి చెప్పింది, ఊరుకోవద్దు. పిన్నికి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. మందుల డబ్బు ఈ నెల ముందుగానే పంపాను, అందగానే ఒక మాట చెప్పించు.

ఇట్లు,
మీ పెద్దోడు